చూపుడు వేలు

అతుకుల మేస్త్రి పనికి వేలెత్తి చూపినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఈ మాట ఊరు అన్నది కాదు, ఆయన తనంతట తానే చెప్పుకున్నది. అయినా అబద్ధం మాత్రం కాదు. కంచు విగ్రహం చూసేవాళ్ళకు ఒక్క ముద్దలా కనిపిస్తుంది గానీ, నిజానికి తల వేరు, మొండెం వేరు, చేతులు వేరు, కాళ్ళు వేరు. అన్నీ విడివిడిగా పోతపోసి ఒకదానికొకటి అతికితేనే మనిషి లేచి నిలబడతాడు. ఆ అతుకు కంటికి ఆనకుండా చెయ్యడం మేస్త్రి పని. పోతపని కార్ఖానాలో నలభై ఏళ్ళు అదే చేశాడు. "నా అతుకు దొరకబుచ్చుకుంటే మీసం తీయించుకుంటా" అని పందెం కాసేవాడు. మీసం ఇప్పటికీ ఉంది. తెల్లబడింది, అంతే.

అలాంటి మనిషిని ఒక వేలు పాతికేళ్ళపాటు పీక్కుతింది.

ఊరి చివర సొరంగం సర్కిల్ దగ్గర ఐదు కంచు విగ్రహాలున్నాయి. కొండను తొలిచి అవతలికి రైలు వేసిన ఏడు ప్రభుత్వం వాటిని పెట్టించింది. కొలతలు తీసే సర్వేయరు, తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి, ఇనప చువ్వలు కట్టేవాడు, కాంక్రీటు పోసేవాడు, అందరికన్నా ముందు కుడిచెయ్యి చాచి నిలబడ్డ రాయి తొలిచేవాడు. ఎత్తైన దిమ్మె మీద కాదు, మూడు మెట్లెక్కితే అందేటట్టు నిలబెట్టారు. పక్కన పలక మీద 'జాతి ప్రగతికి దారి తీసిన చేతులు' అని చెక్కారు.

ఆ చేతులన్న మాట ఊరికే రాయలేదు. శిల్పి ఒట్టి చాదస్తుడు. ముఖాలు తన ఊహలోంచి చేశాడు, ఐదుగురికీ ఒకటే ముక్కు. చేతులు మాత్రం నిజం చేతులే కావాలని పట్టుబట్టి, సొరంగం దగ్గరికి ప్లాస్టర్ మూటలు మోయించుకుపోయి, కూలీల చేతులకు అచ్చులు తీసుకొచ్చాడు. "ముఖానిదేముందయ్యా, పూటకో రకంగా పెట్టుకుంటారు. చెయ్యి అబద్ధమాడదు" అనేవాడు. పాపం, ఆ చేతికి అబద్ధం నేర్పేవాడు తన కార్ఖానాలోనే ఉన్నాడని ఆయనకేం తెలుసు!

ఆవిష్కరణ ఇంకా మూడు రోజులుంది. మట్టి అచ్చు పగలగొట్టి రాయి తొలిచేవాడి కుడిచెయ్యి బయటికి తీస్తే, చూపుడు వేలు సగమే ఉంది. పోతపనిలో ఇది వింత కాదు. కరిగిన కంచు వేళ్ళ కొసలకు చేరేలోపే చల్లబడి ఒక్కోసారి ఆగిపోతుంది. "దమ్ము చాల్లేదు" అంటారు కార్ఖానాలో. శిల్పిని అడుగుదామంటే ఆసుపత్రిలో ఒంటిమీద తెలివి లేకుండా ఉన్నాడు. మళ్ళీ లేవలేదు కూడా. ప్లాస్టర్ అచ్చులు అప్పటికే ముక్కలై చెత్తలో కలిశాయి. మేస్త్రి క్షణం కూడా తటపటాయించలేదు. తన చూపుడు వేలికే అచ్చు తీసి కంచులో పోశాడు. దాన్ని దర్జీలు పెట్టుకునే తొడుగులా లోపల డొల్లగా ఉంచి, ఆ సగం వేలి మీద తొడిగి, అంచు చుట్టూ అతికేశాడు. గట్టిగా ఉంటుందని అలా చేశాడు. అరగదీసి రంగు పట్టించాక చూస్తే, ఆయనకే ఎక్కడ అతికాడో వెతుక్కోవలసి వచ్చింది.

ఆవిష్కరణకు వచ్చిన మంత్రిగారు మెట్లెక్కి, తక్కిన నలుగురినీ వదిలేసి ఆ వేలినే పట్టుకున్నారు. "ఈ వేలు మన జాతికి భవిష్యత్తును చూపిస్తోంది" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అక్కణ్ణుంచి ఆ వేలికి పట్టిన యోగం అంతా ఇంతా కాదు. తపాలా బిళ్ళమీద అదే, బడి పుస్తకం అట్టమీద అదే, చివరికి సిటీ బస్సు టికెట్టు మీద కూడా అదే.

మేస్త్రి ఇంటికొచ్చి తలుపు వేసి మరీ భార్య చెవిలో చెప్పాడు. "దేశానికి దారి చూపిస్తున్న వేలు ఎవరిదనుకున్నావ్? ఇదిగో, నాది."

"దేశానికి దారి చూపించారు సరే," అంది ఆవిడ, "ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇంతవరకూ మీకు తెలీదు."

మొదటి వానలకే ఆ వేలికి చిలుము పట్టింది.

తక్కినచోటల్లా ఐదు విగ్రహాలూ నిగనిగలాడుతున్నాయి. ఆ ఒక్క వేలి చుట్టూ, సరిగ్గా ఆయన అతికిన చోట, పచ్చటి ఉంగరం తేలింది. అందులోంచి సన్నటి పచ్చచార ఒకటి అరచేతి మీదుగా మణికట్టు దాకా దిగింది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే వెళ్ళి గీకి, వేడిచేసి, మందు పూసి, మైనం రుద్ది వచ్చాడు. తరవాతి వానలకు మళ్ళీ వచ్చింది. ఆ మరుసటి ఏడూ వచ్చింది. ఎవరూ పిలవకపోయినా ప్రతి ఏడూ వానలు వెలిసిన వారానికి సంచి తగిలించుకుని బస్సెక్కేవాడు. మైనం డబ్బా, ఇత్తడి కుంచె, గుడ్డపీలికలు. మనిషి పోయినవాళ్ళు ఏడాదికోసారి సమాధి దగ్గరికి వెళ్ళినట్టు వెళ్ళేవాడు.

అక్కడ నిలబడితే ఆయనకు ఒళ్ళు జలదరించేది. వేలు సొరంగం వైపు చూపిస్తోందని ఊరంతా అనుకుంటుంది. ఆయనకు మాత్రం ఎటు జరిగి నిలబడినా తనవైపే ఉన్నట్టుండేది. మూడో ఏడునుంచి ఆయన సొంత చూపుడు వేలు తిమ్మిరెక్కడం మొదలుపెట్టింది. చొక్కా గుండీ దొరికేది కాదు. అగ్గిపుల్ల పట్టుకుంటే ఉందో లేదో తెలిసేది కాదు. డాక్టరు నొక్కి చూసి, సూది గుచ్చి చూసి, వయసన్నాడు.

"వయసైతే అన్ని వేళ్ళకూ రావాలి కదండీ," అన్నాడు మేస్త్రి.

"ఐదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయా పెద్దాయనా?" అని డాక్టరు నవ్వాడు. మేస్త్రికి నవ్వు రాలేదు.

విగ్రహాలకు పాతికేళ్ళు నిండుతున్నాయని ఉత్సవం తలపెట్టారు. కార్ఖానా మూతపడి చాలా కాలమైనా, వాటి సంగతి తెలిసినవాడు ఇంకెవరూ మిగల్లేదు గనక ఇంజనీరుగారు మేస్త్రినే పిలిపించారు. విగ్రహాల చుట్టూ కర్రలు పాతి గుడ్డ కట్టారు. గుడ్డ లోపల మేస్త్రి ఒక్కడూ, ఆ ఐదుగురూ. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన వేలి దగ్గర కుంచెతో తంటాలు పడుతుంటే, గుడ్డ తప్పించుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా, భుజాన తోలుసంచి, నలభైకి దగ్గర పడ్డ మనిషి. సర్కిల్ దగ్గర బస్సు పది నిమిషాలు ఆగుతుంది.

"బాబాయ్, ఆ వేలు ఊడొస్తుందా?" అంది.

"నేను పెట్టింది ఊడటమా! నీ మనవల పెళ్ళిళ్ళు చూసి మరీ ఉంటుంది."

"అయితే మీరు పెట్టిందేనన్నమాట."

మేస్త్రి నాలుక్కరుచుకున్నాడు. పాతికేళ్ళు పెళ్ళాం దగ్గర తప్ప దాచుకున్న రహస్యం, టికెట్టు చింపినంత తేలిగ్గా చింపుకుపోయింది ఆ పిల్ల.

"ఇది మా నాన్న చెయ్యి బాబాయ్," అంది ఆమె. గొంతులో కోపం లేదు. "శిల్పిగారు అచ్చు తీసేటప్పుడు నేను పక్కనే ఉన్నా. పన్నెండేళ్ళు నాకు. మా నాన్నకి ఆ వేలు సగమే. నేను పుట్టకముందే బండ కింద నలిగిపోయిందట. కొస దగ్గర మూతి బిగించిన సంచిలా ముడతలుండేవి. నేను ఆ ముడత పట్టుకునే నిద్రపోయేదాన్ని."

మేస్త్రి చేతిలో కుంచె జారి మెట్లమీద పడింది. ఆ ముడత ఆయనకు గుర్తుంది. పాతికేళ్ళ కిందట గుడ్డతో తుడిచి, బొటనవేలితో రుద్ది చూశాడు. చల్లబడ్డ కంచు ముడత పడిందిలే అనుకున్నాడు. కంచు దమ్ము చాలక ఆగిపోలేదు. వేలి కొసదాకా చక్కగా వెళ్ళింది. వేలే అంతవరకు ఉంది.

"ఎంత పని చేశానమ్మా," అన్నాడు. "ఆవిష్కరణ నాడే వచ్చి చెప్పకపోయారా?"

"చెప్పలేదనా? అచ్చు తీసిన రెండు నెల్లకి సొరంగం కూలింది. పదకొండు మంది. ఒక్కరిని కూడా పైకి తియ్యలేదు, దారి మార్చి పక్కనుంచి తవ్వుకుపోయారు. మా అమ్మ ఏడవలేదు. మనిషిని చూపిస్తే ఏడుస్తానంది. అప్పుడు ఆఫీసువాళ్ళు ఏమన్నారో తెలుసా? మనిషి దొరకలేదమ్మా, ఆయన చెయ్యి మాత్రం కంచులో ఉంది, ఫలానా రోజున వచ్చి చూసుకో అన్నారు. వచ్చింది. జనం వెళ్ళిపోయాక మెట్లెక్కి, ఆ చెయ్యి పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టింది. ఐదూ నిండుగా ఉన్నాయి. ఈయన మా ఆయన కాదు అని దిగొచ్చేసింది. నేను ఎవరికి చెప్పినా చిన్నపిల్లవి పొమ్మన్నారు."

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు.

"అప్పట్నుంచి మా ఇంటి తలుపుకు గడియ వెయ్యలేదు బాబాయ్. పగలూ రాత్రీ దగ్గరకు వేసి ఉంటుంది, అంతే. వాళ్ళు నాకు రెండు మాటలు చెప్పారు అంటుంది మా అమ్మ. మీ ఆయన పోయాడన్నది ఒకటి, ఇది మీ ఆయన చెయ్యి అన్నది రెండోది. రెండోది అబద్ధమని నా చేత్తో నేనే తేల్చుకున్నా, ఇక మొదటిది ఎందుకు నమ్మాలి అంటుంది. ఏం జవాబు చెప్పను? పోయిన నెల్లో డాక్టరు గుండె బలహీనపడింది, ఎక్కువ రోజులు లేవన్నాడు. ఆవిడ పోతుందని కాదు నా బాధ. ఎదురుచూస్తూ పోతుంది. అదొక్కటీ జరగకూడదు."

హారన్ మళ్ళీ మోగింది. ఆమె కళ్ళు తుడుచుకుని, సంచి సర్దుకుని, "రోజుకి ఐదారొందల టికెట్లు చింపుతా," అంది. "అన్నిటిమీదా ఈ వేలే." అని గుడ్డ తప్పించుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి మెట్లమీద కూలబడ్డాడు. తల ఎత్తితే వేలు ఎదురుగా ఉంది. ఈసారి అది ఎవరివైపు చూపిస్తోందో ఆయనకు అనుమానం లేదు.

మర్నాడు పొద్దున కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. భార్య రెండుసార్లు గ్లాసు ముందుకు జరిపింది. మూడోసారి ఎదురుగా కూర్చుంది. ఆయన అంతా చెప్పాడు. ఆవిడ ముక్కుమీద వేలేసుకుంది.

"ఇంజనీరుగారు ఒప్పుకోకపోతే?" అన్నాడు.

"ఒప్పుకోరు."

"తీసేస్తే నా పేరు మట్టిలో కలుస్తుంది. ఈ వయసులో పేపర్లో వేస్తారు."

"వేస్తారు," అంది ఆవిడ. "చూడండీ, ఏ వేలు విడిచిన మేనమామ సంగతో అయితే మనకెందుకులే అని ఊరుకోవచ్చు. మీరు ఏకంగా సొంత వేలే విడిచిపెట్టి వచ్చారు కదండీ అక్కడ. వెళ్ళి తెచ్చుకోండి."

ఇంజనీరుగారు మర్యాదస్తుడే. మేస్త్రిని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, అంతా విన్నాడు. విన్న తరవాత బల్లమీద గోడపత్రిక పరిచాడు. ఉత్సవం ప్రకటన. కాగితం నిండా ఒకటే చెయ్యి, ఒకటే వేలు.

"మేస్త్రిగారూ, ఇవి ఊరంతా అంటించేశాం. జాతికి దారి చూపే వేలండీ అది. ఎవరో ముసలావిడ కోసం దాన్ని తీసేస్తే నా ఉద్యోగం ఉంటుందా? మీకు చాదస్తం పట్టుకుంది. రంగు వేసి ఇంటికెళ్ళి పడుకోండి."

"చిత్తం," అన్నాడు మేస్త్రి. ఆ చిత్తం ఎవరి చిత్తమో ఆయన విడమరచి చెప్పలేదు.

అక్కణ్ణుంచి నేరుగా సర్కిల్‌కు వచ్చాడు. గుడ్డ లోపల ఎండ పసుప్పచ్చగా పడుతోంది. సంచిలోంచి సన్నరంపం తీశాడు. ప్రపంచంలో ఆ అతుకు ఎక్కడుందో తెలిసినవాడు ఆయన ఒక్కడే. దాని మీదే రంపం ఆనించాడు. మొదటి గాటుకే తన వేల్లోంచి కరెంటు పాకినట్టయి చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. రక్తం లేదు, గీత కూడా లేదు. చొక్కాకు చెయ్యి తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. బయట జనం నడుస్తున్నారు, బస్సులు తిరుగుతున్నాయి. లోపల ఆయన తన పనిలోకెల్లా మేలైన పనిని తన చేత్తోనే కోస్తున్నాడు.

చుట్టూ తెగాక, గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాడు. తొడుగు కదిలింది. కదలగానే లోపల్నుంచి నీళ్ళు కారాయి. చిక్కగా, ఆకుపచ్చగా, చల్లగా. తొడుగుకీ వేలికీ మధ్య సందులో ఎన్నేళ్ళ వాననీళ్ళు దాక్కున్నాయో, ఆయన మణికట్టు మీదుగా మోచేతిదాకా కారాయి. ఇన్నేళ్ళూ బయటికి రావాలని చూసింది ఇదా అనుకున్నాడు.

లోపలి సగం వేలు పచ్చగా ముద్దకట్టి ఉంది. మైనం గుడ్డతో మెల్లగా, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచాడు. చిలుము పొరగా వచ్చేసింది. కింద కంచు పోతపోసిన నాటి రంగులోనే ఉంది. కొస దగ్గర మూతి బిగించిన సంచి ముడత. ఆ ముడతలో చర్మం గీతలు కూడా కనిపిస్తున్నాయి. పాతికేళ్ళ కిందట ఇది చూసి కూడా చూడలేకపోయాడు. మేస్త్రికి ఏడుపొచ్చింది. నోటికి భుజంమీది తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఆ ఐదుగురి మధ్య నిలబడి ఏడ్చాడు.

మేస్త్రి పంపిన కబురందుకుని, సాయంత్రం డ్యూటీ దిగి కండక్టరు తల్లిని తీసుకొచ్చింది. సన్నటి మనిషి. రెండు కళ్ళకూ పొర కమ్మింది. మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కింది. "ఎందుకే మళ్ళీ ఇక్కడికి? ఒకసారి చూశాగా," అని గొణుగుతూనే ఉంది. కూతురు ఏమీ చెప్పకుండా ఆమె చేతిని కంచు మణికట్టు మీద పెట్టి పక్కకు తప్పుకుంది.

ముసలావిడ చెయ్యి మణికట్టునుంచి కిందికి నడిచింది. చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. ఆ తరవాత ఖాళీలో తడుముకుంది. వెనక్కి వచ్చింది. సగం వేలు దొరికింది. బొటనవేలు ముడత మీదికి వెళ్ళి అక్కడ ఆగింది.

బయట బస్సు ఒకటి వచ్చి, జనాన్ని దింపి, వెళ్ళింది.

"ఇక్కడున్నావా?" అంది ముసలావిడ, నెమ్మదిగా. "నడిరోడ్డు మీద నిలబెట్టారా నిన్ను? నేనేమో ఇంట్లో తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నా." అని ఆ చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని దానికి నుదురు ఆనించింది. పాతికేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చింది. కూతురు పట్టుకోబోతే మేస్త్రి వద్దని సైగ చేశాడు.

చాలాసేపటికి ఆమె తలెత్తింది. "అయితే ఆనాడు నేను పట్టుకున్న వేలెవరిది?"

మేస్త్రి ముందుకొచ్చాడు. తన కుడిచెయ్యి ఆమె చేతికి అందించాడు. ఆమె ఆ చూపుడు వేలిని మొదలునుంచి కొసదాకా తడిమింది, గోరు తడిమింది, వంపు తడిమింది. పాతికేళ్ళుగా ఆ వేలిని ఆమె చెయ్యి మరిచిపోలేదు.

"ఇదే," అంది. "ఎంత ఎదురుచూపు చూపించావు అన్నయ్యా నాకు."

తిట్టినా బాగుండేది. మేస్త్రి తువ్వాల్లో చుట్టిన కంచువేలు తీసి చూపించబోయాడు. ఆమె దాన్ని తాకి, మళ్ళీ ఆయన చేతిలోకే నెట్టింది. "నాకొద్దు. నీదేగా, నువ్వే ఉంచుకో."

మేస్త్రి అక్కడినుంచే ఇంజనీరుగారికి ఫోన్ చేశాడు. "వేలు తీసేశానండీ. పెట్టిందీ నేనే, తీసిందీ నేనే. అడిగినవాళ్ళకు నా పేరు చెప్పండి." అవతలినుంచి వచ్చిన కేకలు కండక్టరుకు కూడా వినిపించాయి. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "పదండమ్మా, దిగబెడతాను," అన్నాడు.

వాళ్ళ ఇల్లు రెండు సందుల అవతల. ఒంటి గది, ముందు చిన్న వసారా. తలుపు దగ్గరకు వేసి ఉంది, నెట్టగానే తెరుచుకుంది. ముసలావిడ లోపలికి వెళ్ళి, గడప దగ్గరే ఒక క్షణం నిలబడి, వీధివైపు చెవి పెట్టింది. అది అలవాటు. తరవాత తల తిప్పేసింది.

"గడియ వెయ్యవే అమ్మా," అంది కూతురితో. "ఇంకెవరున్నారు రావడానికి?"

కూతురు గడియ లాగింది. రాలేదు. రెండు చేతులతో గుంజింది. పాతికేళ్ళు కదలని ఇనుము, తుప్పుపట్టి తలుపుతో ఏకమైపోయింది. మేస్త్రి సంచి దింపాడు. ఆకురాయితో తుప్పు గీకి, నూనె చుక్కలు వేసి, సుత్తితో మెల్లగా తట్టాడు. గడియ అంగుళం అంగుళంగా కదిలింది. రెండుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి చూసి, చెయ్యి తుడుచుకుని, వసారాలోకి వచ్చి నిలబడ్డాడు.

తలుపు మూసుకుంది. లోపల్నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి కంచువేలిని పట్టుకున్నాడు. అది చల్లగా తగిలింది. తిమ్మిరెక్కిన తన చూపుడు వేలికి ఇన్నేళ్ళలో తెలిసిన మొదటి చల్లదనం అదే.